మీదికురుకు కుక్కయు, నవ్వుచు నిలుచు గృహస్థుడును

పెద్ద జాతి కుక్కను పెంచు నింటికి బోయిన వారందఱును ఎఱిగిన మాట యొకటి కలదు. తలుపు తెఱచినంతనే ముప్పది కిలోల జంతువు ముందరి కాళ్లు రెండును మన ఱొమ్మున మోపి మొగము నాకుచుండగా, వెనుక నిలిచిన గృహస్థుడు చిఱునవ్వుతో "భయపడకండి, అది యేమియు చేయదు, మీరన్న దానికెంతో ప్రేమ" అని సెలవిచ్చును. ఏమియు చేయదట! ఉత్తరీయము చినిగినది; చేతి సంచిలోని పండ్లు మెట్లమీద దొర్లినవి; మనతో వచ్చిన ముసలితల్లి గోడ నానుకొని వడకుచున్నది. ఇంక నేమి చేసిన నది 'చేసినట్లు' వీరు పరిగణింతురో! ప్రేమయైనను పుచ్చుకొనువాని యిష్టము లేక మీద రుద్దరాదని పిల్లలకు బోధించు నీ పెద్దలే, తమ కుక్క విషయమున మాత్ర మా పాఠమును మఱచుచున్నారు.

మేమిచ్చట కుక్కపై నేరము మోపబూనలేదు. కుక్క పక్షమున నిలిచి గృహస్థునిపై మోపుచున్నాము. మనుష్యుల మీది కురుకుట కుక్కకు పుట్టుకతో వచ్చిన వెఱ్ఱి కాదు. ఆ యింటివారు దినదినమును జీతమిచ్చి నిలుపుకొన్న కొలువు. ఆ జీతము నాపి, నాలుగు కాళ్లును నేలనుంచినందులకు జీతమిచ్చిన, కొలువు మాఱును. ఇందులకు కఱ్ఱ యక్కఱలేదు. ఇంటిల్లిపాదియు నొక నియమమునకు లోబడుట కావలెను. ఆ నియమమే వీరి యిండ్లలో లేదు.

కుక్క మీది కేల యెగురును? వేటనుండి మరలి వచ్చిన పెద్దల మూతులను తోడేలు పిల్లలు నాకి, వారి కడుపులోని యాహారమును గక్కించుకొని తినును. ఆ యాచారపు శేషము కుక్కలలో నేటికిని గలదు. వచ్చినవారి మూతి నందుకొని నాకుట వాని వందనము. మన మూతియో వానికి మిక్కిలి యెత్తుననున్నది, కావున నెగురును. రెండు నెలల పిల్ల యట్లెగిరినప్పుడు ఇంటివారందఱును ముచ్చటపడి, యెత్తుకొని ముద్దాడి, ఫోటోలు తీసి బంధువులకు బంపుదురు. ఏడాది తిరుగునప్పటికి నా పిల్లయే పెద్ద జంతువై యదే వందనము నర్పించిన నది యపరాధమట! నేర్పునప్పుడు చప్పట్లు, నేర్చిన పిమ్మట దెబ్బలు. బడిలో నుపాధ్యాయుడెవడైన నిట్లు చేసిన తలిదండ్రు లూరకుందురా?

1898లో అమెరికా పండితుడు ఎడ్వర్డ్ థారన్‌డైక్ ఆకొన్న పిల్లులను కొయ్యపెట్టెలలో మూసి, అవి గడియ తీసికొని వెలుపలి యాహారము నందుకొను విధమును పరీక్షించెను. ఫలమిచ్చిన చేష్ట మరల మరల వచ్చుననియు, ఫలములేని చేష్ట క్రమముగా సడలిపోవుననియు నాతడు తేల్చెను. అటుపిమ్మట బి. ఎఫ్. స్కిన్నరు మొదలగువారు ఇంకొక వింతను గనుగొనిరి: ప్రతి పర్యాయమును ఫలమిచ్చిన చేష్టకంటె నప్పుడప్పుడు మాత్రమే ఫలమిచ్చిన చేష్ట మొండిదై నిలుచును. జూదరి నెఱిగినవారికి దీని నర్థము చెప్పనక్కఱలేదు. పది యాటలలో నొకటి గెలిచిన చాలును, వాడు లేవడు.

ఇప్పుడా యింటిలోనికి దొంగి చూడుడు. అయ్యగారు కచ్చేరికి బోవునప్పుడు కుక్క మీది కెగిరిన గసరును. ఆదివారమునాడు పాతబట్టలు గట్టుకొని "రారా" యని తొడ చరచి పిలుచును. అమ్మగారు సర్వకాలములందును వలదనును. చిన్నవాడు చేతులు చాచి యెగిరించును. అవ్వగారు కెవ్వున నఱచి చీరకొంగుతో నదలించును. కుక్క కిందులో దండన మేదియు గానరాదు. చూపు, మాట, స్పర్శ యను మూడును దానికి జీతములే. "దిగు, దిగు!" అని యఱచుచు రెండు చేతులతో త్రోయుట మన కుద్దేశమున శిక్ష, దాని లెక్కలో మల్లయుద్ధము. నలుగురు నాలుగు విధముల జీతమిచ్చుచు, నది మాట వినదని యేడ్చుట యేమి న్యాయము?

ఇట్టివారికి సలహా చెప్పుటకు వీథి కొక్క పండితుడు గలడు. మోకాలితో ఱొమ్మున పొడువుమని యొకడు, వెనుక కాలి వ్రేళ్లు త్రొక్కుమని యొకడు, వెల్లకిల పడద్రోసి గొంతు పట్టుకొని "నేనే మందకు నాయకుడ" నని చూపుమని మఱియొకడు. ఈ నాయకత్వపు వాదమునకు మూలము 1947లో రుడాల్ఫ్ షెంకెల్, బంధించి యుంచిన తోడేళ్లను జూచి వ్రాసిన వ్రాతలు. 1970లో తన గ్రంథముచే నా మాటకు వ్యాప్తి దెచ్చిన డేవిడ్ మెక్, అడవిలోని తోడేళ్లను బహుకాలము పరిశీలించి, మంద యనగా తలిదండ్రులును వారి బిడ్డలును గల కుటుంబమే గాని యధికారమునకై పోరాడు గుంపు గాదని 1999లో వ్రాసెను. చెప్పినవాడే దిద్దుకొన్న మాటను వీరింకను పట్టుకొని వ్రేలాడుచున్నారు. విద్యుత్తుతో చుఱుక్కుమనిపించు పట్టెడలను వేల్సు దేశము 2010లోనే నిషేధించినది. మనవారో యవి కొనుట యాధునికత యనుకొనుచున్నారు.

అతిథి వచ్చినప్పుడెల్ల దెబ్బ తినిన కుక్క యేమి నేర్చును? అతిథి రాక బాధకు సూచన యని నేర్చును. నిన్న ముద్దిడ వచ్చినది రేపు గుఱ్ఱుమనును. గుఱ్ఱుమన్నందులకును గొట్టిన, ఎల్లుండి చప్పుడు లేకయే కఱచును. వ్యాసభారతము నాదిపర్వమున జనమేజయుని తమ్ములు యాగభూమికి వచ్చిన సారమేయుని గొట్టిన కథను మన యిండ్లలో నెఱుగని వారుండరు. నా బిడ్డ హవిస్సు వంక చూడలేదే, నాకలేదే, ఏల గొట్టితిరని తల్లి సరమ యడిగినది. అంతటి రాజకుమారులకు నుత్తరము దొరకలేదు. మోకాలెత్తు నీ గృహస్థులు నాలుక యాడించు ముందు ఆ ప్రశ్న కేమి చెప్పుదురో యాలోచింతురు గాక.

ఇక "కుక్కతోక వంకర" యను వారొకరు. కుక్క నెంత గద్దె నెక్కించినను దాని గుణము మాఱదను నీతిపద్యమును మేమును బడిలో చెప్పుచునే యున్నాము. అది నీచుని గుఱించిన యుపమానమే గాని జంతుశాస్త్రము గాదని కూడ చెప్పుచున్నాము. గ్రుడ్డివారికి త్రోవ చూపు లాబ్రడారు కుక్క రద్దీ వీథిలో నెవరి మీదను కాలు మోపక నడచును. అదియు నదే జాతి. తోక వంకరకును నడవడికకును సంబంధమే లేదు.

చేయవలసిన దేమి? పట్టెడకు త్రాడు గట్టి, త్రాటిని స్తంభమునకో బరువైన మంచపు కోటికో కట్టవలెను. నేర్పువాడు పదియడుగుల దూరమునుండి మెల్లగా నడచి రావలెను. కుక్క నాలుగు కాళ్లును నేలనున్నంత వఱకు ముందుకు. ముందరి కాళ్లు లేచిన క్షణమున, మాటలేక, చూపులేక, వెనుకకు. అది దిగినంతనే మరల ముందుకు. ఇట్లు పదిమార్లు పోయి వచ్చునప్పటికి, తాను లేచిన మనుష్యుడు దూరమగుననియు, నేలనున్న దగ్గఱయగుననియు దానికి దోచనారంభించును. దగ్గఱకు జేరినప్పుడు ఉడికిన కోడిమాంసపు ముక్కయో, శాకాహారుల యింట పనీరు ముక్కయో దాని కాళ్ల ముందర నేలపై నుంచవలెను. పైనుండి చేతితో చూపిన, ముక్కకై తల యెత్తును, తల వెంట కాళ్లును లేచును. ఆలసింపక, అది నేలనున్న క్షణముననే యీయవలెను. మూడు క్షణములు జాగుచేసిన, జీతము వేఱొక పనికి ముట్టును. నిమురునప్పుడు నెత్తిపై చఱచుట గాక గడ్డము క్రింద మెల్లగా నిమురవలెను. ఐదు నిమిషముల పాఠము, దినమునకు మూడు నాలుగు పర్యాయములు. అంతకు మించిన, బాలురవలెనే కుక్కయు విసుగుచెందును. కూర్చుండుట ముందే నేర్పియుంచిన మఱియు సుకరము. కూర్చున్న కుక్క యెగురజాలదు గదా.

ఇందొక గండము గలదు. పెక్కురు ప్రయత్నమును విడుచునది యిచ్చటనే. జీత మాగిన మొదటి దినములలో కుక్క మునుపటికంటె నెక్కువగా నెగురును. నీరు రాని కుళాయిని మనము నాలుగుమార్లు గట్టిగా త్రిప్పి చూడమా? అట్టిదే యిదియు. ఆ హెచ్చును జూచి "ఇది పనికిరాని పద్ధతి" యని గృహస్థు డొక్కమాఱు లొంగి చేయి చాచెనా, మఱింత గట్టిగా నెగిరిన ఫలము దక్కునని కుక్క నేర్చుకొనును. ఆ నాలుగు దినములు ఆదివారపు ముచ్చట, చిన్నవాని యాట, అవ్వగారి కేకలు అన్నియు నాగవలెను. చిన్నవానికి చేతులు ముడుచుకొని చెట్టువలె నిలువుమని చెప్పిన నాటగా నేర్చుకొనును. పెద్దవారికి నేర్పుటయే కష్టము.

కుక్క యుద్రేకమునకు వేఱొక కారణము గూడ నున్నది. లాబ్రడారు వేటలో గూలిన పక్షులను దినమంతయు తెచ్చి యిచ్చుటకై బ్రిటనులో రూపొందింపబడిన జాతి. అచ్చటి కెన్నెల్ క్లబ్బు 1903లో దానిని గుర్తించినది. అట్టి జంతువును మూడవ యంతస్తున రెండు గదులలో నుంచి, రోజుకు రెండుమార్లు క్రిందికి దించి మూత్రము పోయించి తెచ్చుట వ్యాయామ మందురు! మా బెజవాడ, హైదరాబాదు వేసవిలో తారురోడ్డు కాలక ముందే, తెల్లవారుజామున నడిపింపవలెను. నడకలో వాసన చూడనీయవలెను. ఎల్లప్పుడును గొలుసున గట్టియుంచు కుక్కకు తగిన వ్యాయామ మీయకుండుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము క్రూరత్వమే. ఈ సంగతి చెప్పిన గృహస్థులు తెల్లబోవుదురు.

మా కన్నిటికంటె నెక్కువ కోపము దెప్పించునది వేఱొకటి కలదు. ఇంటికి వియ్యంకుడో పై యధికారియో వచ్చుచున్నాడనిన, గంట ముందే కుక్క లోపలి గదికి బోవును, తలుపు గడియ పడును. పాలవానికి, తపాలావానికి, పొట్లము దెచ్చు కుఱ్ఱవానికి, అంట్లు తోము నామెకు మాత్రము "అది యేమియు చేయదు". చేయునో చేయదో తీర్మానించు నధికారము వీరికే గలదు. మీద బడిన కుక్కను త్రోయు స్వాతంత్ర్యము వారికి లేదు. పట్టుచీరకును నూలుచీరకును భేదము కుక్క యెఱుగదు; ఆ భేదము నెఱిగినది యజమానుడు. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్సున ఆహారపు పొట్లము నందింపబోయిన యువకుడొకడు, తలుపు తెఱవగా నింటి కుక్క మీదికి రాగా వెఱచి పరువెత్తి, మూడవ యంతస్తునుండి పడి, ఆసుపత్రిలో మరణించెను. కఱచుట తరువాతి మాట. భయమునకు గాటు అవసరము లేదు. 2024 జులై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను, తన జంతువువలన మనుష్యులకు ప్రాణాపాయము గాని తీవ్రమైన గాయము గాని కలుగకుండ తగిన జాగ్రత్త పడని వానికి ఆరు నెలల వఱకు ఖైదు గాని, ఐదువేల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధించుచున్నది. ప్రేమచే నెగిరినదను సమాధానము నా సెక్షనులో మేమెంత వెదకినను గానరాలేదు.

కావున పాఠము ముగియువఱకు, గంట మ్రోగినప్పుడు ముందు కుక్కను గట్టవలెను, పిమ్మట తలుపు తెఱవవలెను. వచ్చినవా డెవడైనను సరియే. అంట్లు తోము నామె వచ్చు వేళ తెలిసినదే గనుక, ఆమెను గుమ్మమున నిలువబెట్టి గొలుసు వెదకు పని లేదు. ఆమె కిష్టమైన, ఆ యైదు నిమిషముల పాఠమునకు నామెను బిలువవచ్చును. నేలపై ముక్క నుంచి వెనుదిరుగు నామె యెదుట కుక్క త్వరగా నిలుకడ నేర్చును. ఇష్టము లేదన్న కారణ మడుగరాదు. ఇష్టమున్నచో నా నిమిషములకు వేఱుగా కూలి యీయవలెను.