రేవు చేరిన వలకే లెక్క

చేపల వలల విషయంలో ‘కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలి’ అన్న సూత్రాన్ని అమలుచేస్తున్నామని ఐరోపా సమాఖ్య చెప్పుకుంటోంది. ప్లాస్టిక్ వ్యర్థాలపై 2019లో జారీచేసిన ఆదేశంలో వలల తయారీదారులపై బాధ్యత మోపారు. సభ్యదేశాలకు దాన్ని అమలులో పెట్టడానికి ఇచ్చిన గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఇదొక ముందడుగని, మిగతా ప్రపంచం అనుసరించాలని ప్రచారం సాగుతోంది. అనుసరించేముందు ఆ ఆదేశంలోని ఎనిమిదో అధికరణాన్ని చివరిదాకా చదవడం మంచిది. తయారీదారు చెల్లించేది రేవుకు చేరి, అక్కడి సేకరణ కేంద్రంలో అప్పగించిన పాత వలకే. దాని సేకరణకు, రవాణాకు, శుద్ధికి, కాస్త అవగాహన ప్రచారానికి డబ్బిస్తే అతని పని అయిపోయింది. సముద్రం అడుగున మునిగిన ఓడకు చుట్టుకుని ఏళ్ల తరబడి చేపల్ని చంపుతున్న వలను పైకి తీయడానికి అతను ఒక్క యూరో ఇవ్వనక్కర్లేదు.

ఆ పని జీతం లేని మనుషులు చేస్తున్నారు. ఘోస్ట్ డైవింగ్ వంటి సంస్థల్లోని స్వచ్ఛంద డైవర్లు ఉత్తర సముద్రంలోని ఓడ శిథిలాల మీదికి ఏటా దిగుతున్నారు. ఆటుపోట్ల మధ్య నీరు నెమ్మదించే కొద్దిసేపే వాళ్లకు చిక్కుతుంది. మసకనీటిలో, తుప్పుపట్టి పదునెక్కిన ఇనప రేకుల పక్కన, కత్తితో వలను ముక్కలుగా కోసి, గాలి నింపిన సంచులకు కట్టి పైకి వదులుతారు. వలలో చిక్కి చచ్చిన చేప పీతలకు ఎరవుతుంది, ఆ పీతలూ అందులోనే చిక్కుతాయి. నైలాను కుళ్లదు కాబట్టి ఈ వరస త్వరగా ఆగదు. డైవరు పరికరాలు ఆ వల కన్నుల్లో ఇరుక్కుంటే అతని గతీ అంతే.

వాళ్లు దిగే సముద్రం మామూలుది కాదు. 1914 సెప్టెంబరు 22 ఉదయం జర్మన్ జలాంతర్గామి యు-9 బ్రిటిష్ నౌకాదళ క్రూయిజర్లు అబూకిర్, హోగ్, క్రెసీలను సుమారు గంటన్నరలో ముంచింది నెదర్లాండ్స్ తీరానికి ఎదురుగానే. 1,459 మంది చనిపోయారు. వాళ్లలో పడుచు కేడెట్లూ ఉన్నారు, ఇళ్ల నుంచి తిరిగి పిలిపించిన రిజర్వు సైనికులూ ఉన్నారు. బతికినవారిలో కొందరిని నీళ్లలోంచి లాగింది ఇంగ్లండులోని లోస్టోఫ్ట్ చేపల పడవలవాళ్లే. అలాంటి సమాధుల మీద చిక్కుకున్న వల కేవలం చెత్త కాదు.

ఇక ‘కాలుష్యం చేసినవాడే భరిస్తున్నాడు’ అన్న మాట దగ్గరికి వద్దాం. అదే ఆదేశంలో సిగరెట్ల తయారీదారుకు వేరే న్యాయం రాశారు. వీధిలో పారేసిన పీకలను ఊడ్చి శుభ్రం చేసే ఖర్చును అతను భరించాలి. తడి రుమాళ్ల తయారీదారుకూ, బెలూన్ల తయారీదారుకూ అదే లెక్క. అంటే పారేసిన చోటి నుంచి ఎత్తే ఖర్చును ఎలా రాయాలో బ్రస్సెల్స్‌లోని అధికారులకు తెలుసు. తెలిసీ వల దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం వదిలేశారు. ఐరోపా సముద్రతీరాల్లో దొరికే చెత్త వస్తువుల్లో 27 శాతం చేపల వేట సామగ్రేనని అంచనా వేసింది కూడా అదే సమాఖ్య. నాలుగో వంతుకు పైగా చెత్తకు కారణమైన సరుకును శుభ్రపరిచే ఖర్చు నుంచి తప్పించి, పీకలకు మాత్రం లెక్క కట్టినవాళ్లు సూత్రం గురించి మాట్లాడటం బుకాయింపు. బడికి వచ్చిన పిల్లలకు హాజరు వేసి ఊళ్లో పిల్లలంతా చదువుకుంటున్నారని చెప్పడం లాంటిదిది. వలను రేవుదాకా మోసుకొచ్చి అప్పగించేవాడు అసలు సమస్యే కాదు.

ఖర్చు రాబట్టే దారి వేరే చట్టంలో ఉంది కదా అంటారు. ఉంది. 2009 నాటి చేపల వేట నియంత్రణ నిబంధనల్లో 48వ అధికరణం అదే. వల పోయిన వెంటనే వెతికి తీయడానికి ప్రయత్నించాలి, కుదరకపోతే అధికారులకు చెప్పాలి. చెప్పకుండా వదిలేసిన వలను అధికారులు వెలికితీస్తే, ఆ ఖర్చును పడవ నడిపినవాడి నుంచి వసూలు చేయవచ్చు. ఇక్కడే కిటుకంతా ఉంది. వసూలు చేయాలంటే తీసింది అధికారులై ఉండాలి. తీస్తున్నదేమో స్వచ్ఛంద డైవర్లు. వాళ్లు నీళ్లలోకి దిగినప్పుడల్లా ప్రభుత్వాలకు ఒక బిల్లు రాసే శ్రమ తప్పుతోంది, ఎవరో ఒకరికి ఒక బిల్లు కట్టే బాధ తప్పుతోంది. ఆ డైవర్లకు అందే ప్రశంసాపత్రాల వెనక ఈ ఆదా ఎంతుందో ఏ మంత్రీ చెప్పడు. పౌరుల మంచితనాన్ని బడ్జెట్‌లో మిగులుగా చూసే ఈ తెలివిని ఏమనాలి?

జాలరి కావాలని వల పోగొట్టుకోడన్న వాదన నిజమే, అది అతని పెట్టుబడి. అందుకే భారం జాలరి మీద కాక తయారీదారు మీద ఉండాలన్నంతవరకు ఐరోపా ఆలోచన సరైనది. ఓడ శిథిలాలు దెబ్బతినకుండా ఎక్కడ కోయాలో, ఎక్కడ వదిలేయాలో పురావస్తు నిపుణులు చెప్పాలన్నదీ ఒప్పుకోదగ్గ మాటే. కానీ శిథిలాల మీద చిక్కిన ప్రతి వలనూ దురదృష్టం ఖాతాలో వేయలేం. ఆ ఓడలు ఎక్కడున్నాయో నౌకా పటాల్లో ఉంటుంది. వాటి చుట్టూ చేపలు గుమిగూడతాయని తెలిసే పడవలు అంత దగ్గరికి వెళతాయి.

ఈ గొడవ మనకెందుకని అనుకోవద్దు. విశాఖ దగ్గర రుషికొండ సముద్రంలో మన డైవర్లూ ఇదే పనిచేస్తున్నారు, రాతిగట్లకు చుట్టుకున్న వలలను సొంత పూనికతో తీస్తున్నారు. మన చట్టమైతే ఐరోపా వేసిన సగం అడుగైనా వేయలేదు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన ఉత్పత్తిదారుల బాధ్యత ప్లాస్టిక్ ప్యాకేజింగుకే పరిమితం. అదే ఏడాది జులై 1 నుంచి నిషేధించిన వస్తువుల జాబితాలో ఐస్‌క్రీం పుల్ల ఉంది, మిఠాయి డబ్బా మీది పలుచని పొర ఉంది. బరువైన నైలాను వలకు సంబంధించి ఒక్క ముక్క లేదు.

కేంద్రం ఈ నిబంధనలను వలలకు విస్తరింపజేయాలి. చేసేటప్పుడు ఐరోపా పాఠాన్ని యథాతథంగా దించుకోకుండా, వాళ్లు వదిలేసిన వాక్యాన్ని మనం రాయాలి: సముద్రం అడుగు నుంచి వల తీసే ఖర్చు తయారీదారుదే, తీసింది అధికారులైనా స్వచ్ఛంద డైవర్లైనా సరే. వల మీద తయారీదారు గుర్తు, పడవ నంబరు తప్పనిసరి చేయాలి. రుషికొండలో దిగే డైవర్లకు పడవ, ఇంధనం, బీమా తయారీదారు చెల్లించే ఆ సొమ్ములోంచే రావాలి. అది జరిగేదాకా వాళ్లకు శాలువాలు కప్పే కార్యక్రమాలను మంత్రులు ఆపేయడమే మర్యాద.