మధ్యవర్తిని ఎవరు పెట్టారు?

సామల్పట్టి నుంచి ఒక పెద్దాయన మొన్న మా ఇంటికి వచ్చారు. ట్రాక్టరు అప్పు తాలూకు కవరు చేతికిచ్చి, "ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇదేమో ఇంగ్లీషు. ఏముందో చూడు నాయనా" అన్నారు. ఫైనాన్సు కంపెనీ తనను మధ్యవర్తిగా నియమించిందనీ, ఫలానా తేదీన హాజరు కావాలనీ చెన్నై వకీలు ఒకాయన రాసిన ఉత్తరం అది. తమిళంలో 'నడువర్' అంటారే, ఆ పదవి. ఇంతకు ముందొచ్చిన కవరు విప్పకుండా అటక మీద పెట్టారట!

పంచాయతీకి ఒక పక్షంవాడే పెద్దమనిషిని వెంటబెట్టుకొస్తే ఎదుటివాడు ఒప్పుకుంటాడా? చట్టమూ ఒప్పుకోదు. 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టాన్ని 2015లో సవరించి, కక్షిదారు ఉద్యోగులు, సలహాదారులు వంటివారు మధ్యవర్తిగా కూర్చోరాదన్నారు. తగాదా ఫలితంలో లాభనష్టాలున్నవారు ఏకైక మధ్యవర్తిని తామే నియమించరాదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థల కాంట్రాక్టుల్లో అలాంటి షరతు సమానత్వ హక్కుకు విరుద్ధమని 2024 నవంబరు 8న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చింది. అది రైల్వే విద్యుదీకరణ సంస్థ కేసు.

"అప్పు కాగితాల్లో సంతకం పెట్టేశానే!" అన్నారు పెద్దాయన. ఆ సంతకం చాలదు. తగాదా వచ్చిన తర్వాత, ఈ అభ్యంతరం వదులుకుంటున్నామని ఇరుపక్షాలూ స్పష్టంగా రాసుకోవాలి.

అలాగని ఊరుకోకూడదు. మన జవాబు దాఖలు చేసేలోగా 'మీకు అధికారం లేదు' అని ఆ మధ్యవర్తికే రాయాలి. 16వ సెక్షన్ ప్రకారం తన అధికారం సంగతి మొదట తేల్చేది ఆయనే. వింతగా ఉంది కదూ! ఆయన కాదని ముందుకు సాగితే, తీర్పు వచ్చాక 34వ సెక్షన్ కింద కోర్టులో సవాలు చేయవచ్చు. చట్టరీత్యా అనర్హుడైతే అంతదాకా ఆగనక్కర్లేదు, 14వ సెక్షన్ కింద ముందే కోర్టుకెళ్లవచ్చు. తీర్పు ప్రతి అందాక సవాలుకు మూడు నెలలే గడువు. తగిన కారణం చూపితే మరో 30 రోజులు. అదీ దాటితే ఆ తీర్పు కోర్టు డిక్రీలాగే అమలవుతుంది.

మధ్యవర్తి మారినా అప్పు మాఫీ కాదు, ఆ మాట పెద్దాయనకు ముందే చెప్పాను. "అప్పు ఎగ్గొట్టాలని కాదు. నేను కట్టిన నాలుగు కిస్తులు వాళ్ల లెక్కలో లేవు. ఆ రసీదులు చూసే మనిషి కావాలి" అన్నారు.

అభ్యంతరం రాసి స్పీడ్ పోస్టులో పంపాం. అటక మీది కవరు కోసం కొడుకును నిచ్చెన ఎక్కించారు.