పెన్సిల్ టిక్కు పెట్టిన చోట

మన తెలుగు బడి చితికిపోయిందని కలకత్తా తెలుగువాళ్లం ప్రభుత్వాన్ని తిడుతుంటాం. తిట్టడానికి కారణాలు లేవని కాదు. కానీ ఆ బడి కమిటీలో కూర్చున్నది మనమే. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకని గార్డెన్ రీచ్‌కూ ఖరగ్‌పూర్‌కూ వచ్చిన పెద్దలు పిల్లలకు బడి కావాలనుకున్నారు. మనం కమిటీలో కుర్చీ కావాలనుకున్నాం.

2010లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం, బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. సగంమంది ఆడవాళ్లుండాలంది. అభివృద్ధి ప్రణాళిక వేయడం, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం వాళ్ల పని. 2012 సవరణతో భాషా మైనారిటీ బడుల్లో ఆ కమిటీ సలహాకే పరిమితమైంది. అది మనకు హాయిగానే అనిపించింది. సలహాయే కదా, దానికి నేర్చుకునేదేముంది అనుకున్నాం. సలహా చెప్పాలంటే విషయం ఇంకా బాగా తెలియాలని తోచలేదు. తోచినవాళ్లం కూడా పైకి అనలేదు.

కమిటీ సభ్యుల శిక్షణకు రమ్మని కబురొస్తే సెలవు దొరకదన్నాం. దొరికేదేమో, అడగలేదు. మనకు బదులు ఒక టీచరమ్మను పంపాం. ఆవిడ తెచ్చిన కాగితాలు ఎవరం విప్పలేదు. తల్లులకు బదులు భర్తలొచ్చి కూర్చుని, "ఆవిడకి ఇవన్నీ తెలీవండి" అన్నారు. తెలియజెప్పడానికే కదా శిక్షణ! ఆ మాట గదిలో ఒక్కరమూ అనలేదు. బెంగాలీలో చెబితే అర్థం కాదన్నాం. బజారులో బేరాలన్నీ బెంగాలీలోనే ఆడతాం. అయినా చట్టం భాష వేరు, ఆ ఇబ్బంది నిజమే. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇస్తామంటే సంబరపడ్డాం. సభ్యులకు ఒక్కరోజు తెలుగులో శిక్షణ ఇప్పించండని అర్జీ మాత్రం పెట్టలేదు.

మినిట్స్ పుస్తకం ప్యూను ఇంటికే తెచ్చేవాడు. సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న టిక్కు, దానిపైన సగం పేజీ ఖాళీ. వరండాలో నిలబడే సంతకాలు చేశాం. హెడ్మాస్టరు మోసం చేశారని కాదు, అన్నీ ఒక్కరే రాసుకోక ఆయనకూ తప్పలేదు. ఖాళీ ఎందుకని అడిగితే మర్యాద కాదనుకున్నాం. అసలు అడగాలంటే గ్రాంటు ఎంతో, దేనికి వాడాలో తెలియాలి.

తెలుగు టీచరు రిటైరైనప్పుడు, ఆ పోస్టు కోసం ఎవరికి, ఎప్పటిలోగా రాయాలో కమిటీలో ఎవరికీ తెలీదు. తెలుసుకునే తొందరా లేదు, మన పిల్లలు అప్పటికే ఇంగ్లీషు మీడియంలో చేరిపోయారు. బడిలో మిగిలింది కూలిపనులకెళ్లేవాళ్ల పిల్లలు. చట్టం చెప్పిన తల్లిదండ్రులు వాళ్ల అమ్మానాన్నలే. వాళ్లను కమిటీలోకి పిలుద్దామని ఎవరం అనలేదు. పిలిస్తే మనలో కొందరం కుర్చీల్లోంచి లేవాల్సొచ్చేది.