కాయని చెట్టుకు కాపలా ఎందుకు?

ఈమధ్య కరీంనగర్‌లో ఒక పెళ్లింట్లో మా పెరటి మాటొచ్చింది. ఎండిన దానిమ్మ తీసేసి ఆ చోట గునుగును వదిలేశామని చెప్పగానే ఒక పెద్దమనిషి అందుకున్నారు: "పెరడన్నంక కాయో పండో ఇయ్యాలె. చేన్ల కలుపును ఇంట్ల పెంచుడేంది?" పక్కనున్నవాళ్లంతా తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

ఆయనొక్కరి మాటే అయితే ఊరుకునేదాన్ని. కొత్త కాలనీల్లో ఏ ఇల్లు చూసినా ఇదే తీరు. గేటు నుంచి మెట్ల దాకా పార్కింగ్ టైల్స్. మిగిలిన మూరెడు మట్టిలో కడియం నర్సరీల నుంచి లారీలో దిగిన అంటుమొక్క. అది కాయదు. అయినా తీయరు. "వచ్చే ఏడు కాస్తది" అంటూ నీళ్లు పోస్తారు, మందు కొడతారు, ఎవరూ దాని మొదలు వంక చూడరు.

వంగి చూస్తే సంగతి తెలుస్తుంది. బత్తాయికి అంటుకట్టిన బుడిపె కింద నుంచి ముళ్ల కొమ్మొకటి నిటారుగా లేచి ఉంటుంది. అది బత్తాయి కాదు, వేరు కోసం వాడిన రంగపూర్ నిమ్మ. చిగురుగా ఉన్నప్పుడే గిల్లెయ్యకపోతే పైనున్న అంటు కొమ్మ బలం తగ్గి ఎండిపోతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు నీళ్లు పోసినా బత్తాయి రాదు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలో ఇంకో బాధ: వానకాలం నీళ్లు నిలిచి దానిమ్మ వేరు కుళ్లిపోతుంది. ఇలాంటి వాటికి కాపలా కాయడం దేనికి? గడ్డపార తీసుకుని పెకిలించెయ్యాలి. ఆ గుంతలో మళ్లీ ఇంకో అంటు పెట్టకూడదు.

గునుగు ఏం పాపం చేసింది? తొలకరికి తనంతట తాను మొలుస్తుంది. లేత ఆకు కూరకొస్తుంది. బతుకమ్మ నాటికి తెల్లగా, కొసన గులాబి రంగుతో కంకులు వేస్తుంది. తంగేడుదీ ఇదే కథ. దాన్ని 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, ఇంటి ముందు మొలిస్తే మాత్రం పీకేస్తాం! తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తేనే ఆ పుప్పొడి రాలుతుంది. తంగేడు ఆకుల మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. పిల్లలకు ఇంతకంటే చూపించదగినది ఏ అంటుమొక్క దగ్గరుంది?

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస రాగానే ఈ ఇళ్లవాళ్లే బజారుకెళ్లి గునుగు కట్టలు కొంటారు. చేన్లలో గడ్డిమందు కొట్టీ కొట్టీ గునుగును దూరం చేసుకున్నాం. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది. అయినా పంపు భుజాన వేసుకుని వాకిట్లో కూడా కొట్టే మనుషులున్నారు. బతుకమ్మకు పువ్వు కావాలి, మొక్క మాత్రం వద్దు. ఇదెక్కడి న్యాయం?

పాములొస్తాయంటారు. పాము ఎలుక కోసం వస్తుంది, పువ్వు కోసం రాదు. వయ్యారిభామ మొలుస్తుందంటారా, పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకెయ్యండి. దానికీ గునుగుకూ తేడా తెలియనివాళ్లు కలుపు గురించి తీర్పులు చెప్పకూడదు.

ఏం వేయాలి, ఎంత వేయాలి అని కొలతలు చెప్పలేను. ఒక మూల టైల్స్ లేపండి. ఊరి బయట గట్ల మీద ఎండిన గునుగు కంకులు దులిపి తెచ్చి చల్లండి. తంగేడు గింజ పెంకు గట్టిది, రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి వేయండి. కలుపు తీసేవాళ్లను మాత్రం ఆ మూలకు రానివ్వకండి.