ఈ కల్లు ఏ చెట్టుది మామా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగుంటది, చాయ్ తాగుతూ చదవండి.

సంక్రాంతి వెళ్ళిన తెల్లారి ఒక పని పెట్టుకున్నాను. మా మండలంలో కల్లు పోసే ప్రతి చోటుకీ పోవాలి. వైన్సులు, బెల్టు షాపులు కాదు, వాటి సంగతి మనకు తెలవనిదేముంది. ఒక్క కల్లే. తాటివనంలో గుడిసె అయినా సరే, రోడ్డు పక్క రేకుల షెడ్డు అయినా సరే. ఒక్కో చోట ఒక్క గ్లాసు, ఒక్క ప్రశ్న: "ఈ కల్లు ఏ చెట్టుది?" మా చిన్నోడు బండి మీద దింపి, మళ్ళీ వచ్చి ఎక్కించుకునేవాడు. "ఈ వయసులో ఇదేం తీర్థయాత్ర" అని ఇంటామె తిట్టని రోజు లేదు. మృగశిర కార్తె నాటికి మొత్తం 23 చోట్లు తిరిగిన.

ఆ 23లో చెయ్యెత్తి చెట్టు చూపించినవాళ్ళు 8 మందే. ఒకాయన "అగో, ఆ మూడో తాడు, పొద్దున గీసిందే" అని లొట్టి నా ముందే వంచిండు. తేనెటీగలు తేలుతున్నయి. రేకలో పోసిండు, నురగ మూతికి అంటింది. చిన్నప్పుడు మా నాయన పక్కన కూసుని తాగిన రుచి అదే.

మిగతా చోట్ల జవాబులు చూడండి. "చెట్టుతోని నీకేం పని?" "పై నుంచి వస్తది." ఒకామె అయితే నవ్వి, "ఆటోది" అన్నది. నిజం చెప్పినందుకు ఆమెకు దండం పెట్టాలె.

రోడ్డు మీది ఒక దుకాణంలో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూసున్న. వ్యాన్ వచ్చింది, పెట్టెలకు పెట్టెలు సీసాలు దించింది. దుకాణం వెనుక నాలుగు తాళ్ళున్నయి, ఒక్కదానికీ లొట్టి లేదు. మనం రైతులం, దిగుబడి లెక్క మనకొకరు చెప్పాలా? ఎకరానికి ఇన్ని బస్తాలే వస్తయని తెలిసినట్టే, చెట్టుకు ఇన్ని సీసాలే వస్తయని గౌడన్నకు తెలుసు. చెట్లు లేకుండా అన్ని సీసాలు ఎక్కడినుంచి వచ్చినయి? అక్కడిదొక సీసా ఇంటికి తెచ్చిన. చెట్టు కల్లు కూడా ఒక సీసా తెచ్చి పక్కన పెట్టిన. తెల్లారి సాయంత్రానికి చెట్టు కల్లు మూతి దగ్గరికి తేలేనంత పులిసింది. రోడ్డు మీది కల్లు ఎట్ల తెచ్చిందట్లనే తియ్యగున్నది. పులవని కల్లు ఎక్కడైనా ఉంటదా?

ఆ నీళ్ళల్ల కలిపేవి ఏంటియో పేపర్లల్ల ఎన్నిసార్లు రాలేదు. ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్, తీపికి సాకరిన్. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయిన్రు. పట్నం ముచ్చట అనుకోకండి. మా ఊళ్ళో నాట్లకు వచ్చే ఒకాయనకు పొద్దున సీసా పడకుంటే నారుకట్ట చేతుల నిలవదు. దుకాణం రెండు రోజులు బందు పెడితే ఫిట్స్ వచ్చినయి. ఇంట్లవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించిన్రు. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఇట్లయితే గదిలో పెట్టి తాళం వెయ్యకండి, డాక్టర్ దగ్గరికి తీసుకపోండి. మందు కల్లుకు అలవాటు పడ్డవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తది, డాక్టర్ చెప్పినట్టు మెల్లగ తగ్గియ్యాలె.

ఇంతవరకు అందరూ "అవునన్నా, కల్లు దుకాణమోళ్ళే దొంగలు" అంటరు. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న.

మా గట్టు మీద 11 తాళ్ళుండె. మా తాత నాటినవి కొన్ని, వాటంతట అవే మొలిచినవి కొన్ని. కోత మిషన్ తిరగడానికి అడ్డమని, మూడేళ్ళ కింద కోయించి ఇటుక బట్టీకి అమ్మిన. వచ్చిన పైసలు ఒక్క యూరియా లోడుకు కూడా సరిపోలేదు. ఆ 11 చెట్లు గీసిన మామ ఇప్పుడు ఏం చేస్తున్నడో తెలుసా? నేను తిరిగిన 23 చోట్లలో 19వది ఆయనదే. రేకుల షెడ్డు, వ్యాన్ సీసాలు. నన్ను చూసి గ్లాసు కడిగిండు గానీ పొయ్యలేదు. "నువ్వు తాగకు అల్లుడా" అన్నడు. నేను ప్రశ్న అడగలేదు. ఆయన కల్లు ఏ చెట్టుది కాదో నాకు తెలుసు కదా.

అందుకే నా మాట ఇది. చెట్టు కొట్టింది మనం, పౌడర్ కలిపింది వాళ్ళు. మొదటి తప్పు మనది. తాటి నీడకు పంట పోతదని కొందరంటరు. తాడు నీడ చారెడు, అదీ పొద్దుతో పాటు తిరుగుతది, వేపచెట్టు లెక్క ఒక్కచోట కూసోదు. మిషన్‌కు అడ్డమంటే ఒప్పుకుంట, అది నిజమే. కానీ మూల మలుపులో ఉన్న రెండు కొట్టి మిగతా తొమ్మిది ఉంచితే నాకేం పోయేది? 2024 జూలైలో సర్కారు కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇయ్యడం మొదలుపెట్టింది. మంచిదే, చెట్టు మీదినుంచి పడి నడుము విరిగినవాళ్ళను మన ఊళ్ళల్లనే చూసినం. కానీ కిట్టు కట్టుకుని ఎక్కడానికి చెట్టెక్కడిది?

కల్లు తాగమని నేను చెప్పడం లేదు. తాగనివాళ్ళు మానుకుంటేనే మేలు. తాగేవాళ్ళు మాత్రం ఆ ఒక్క ప్రశ్న అడిగి తాగండి. చెట్టు చూపించకపోతే లేచి వచ్చెయ్యండి.

పోయిన వారం గట్టు పొంటి 40 తాటి టెంకలు పాతిన. మామ అటు నుంచి పోతూ ఆగిండు. టెంకల వరుస చూసి, "ఇవి గీతకొచ్చేసరికి పదిహేనేండ్లు దాటుతది అల్లుడా, నేనుంటనా?" అన్నడు.

"నీ కొడుకు ఎక్కడా మామా?" అన్న.

వాడు హైదరాబాద్‌లో బండి మీద అన్నం పొట్లాలు ఇచ్చి వస్తడట. మామ తల అడ్డంగ ఊపి, వంగి, సరిగ్గా పడని ఒక టెంకను కాలితో మట్టిలోకి తొక్కి పోయిండు.