కానుకగా కూరల పలక

మోకాళ్ళ నొప్పులతో కత్తిపీట ముందు కూర్చోలేని గృహిణికి నిలబడి కూరలు తరుగుకొనే చెక్కపలకకు మించిన కానుక లేదని నా అభిప్రాయం. గోడగడియారాలు ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు! అయితే మెరుగు చూసి కొనరాదు. వార్నిష్ కత్తిగాట్లకు రేగి కూరలో కలుస్తుంది. ప్లైవుడ్ తడికి పొరలుగా ఊడుతుంది. టేకు, వేప వంటి గట్టి కలపలో పూతలేని, అతుకులేని ఒకే పలక శ్రేష్ఠం.

చెక్కలో క్రిములు చేరవా అని కొందరి సందేహం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ బృందం జరిపి, 1994లో ప్రచురించిన పరిశోధనలో చెక్కపై వేసిన సూక్ష్మక్రిములు నిమిషాలలోనే తగ్గిపోయాయి. గాట్లుపడిన ప్లాస్టిక్ పలకను చేతితో కడిగి శుద్ధి చేయడమే దుస్సాధ్యమైంది. అంతమాత్రాన చెక్కను తడిగా వదలరాదు. కడిగిన వెంటనే నిలువుగా ఆరబెట్టాలి. మాంసాహారుల ఇంటికైతే రెండు పలకలివ్వండి.