పిల్లల చేతికి ముందు ఏ పుస్తకం ఇద్దాం?



దసరా సెలవులకి హాస్టళ్ళ నుంచి ఇంటికొచ్చే పిల్లల కోసం పుస్తకాలు కొందామని అందరం చందా వేసుకున్నాం. పెద్దగా ఏం పోగు కాలేదు, నాలుగు వేలు దాటినయ్. ఏం కొనాలి అన్నకాడ గొడవ మొదలైంది. "జీకే బుక్కులు తెద్దాం, రేపు గ్రూప్స్‌కి పనికొస్తయ్" అని సగం మంది. "నీతి కథలు తెద్దాం, బుద్ధిగా ఉంటరు" అని ఇంకొందరు. అయిదో తరగతి పిల్లకి గ్రూప్స్ ఏందన్నా? వైరా వైపు తండాల్లో, గుంపుల్లో ఆదివారాలు పిల్లలతో కూర్చునే మేం నలుగురం మా మాట చెబుదామని ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పోయిన ఎండాకాలం ఏన్కూరు రోడ్డు మీద ఒక తండాలో వేపచెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టాం. ఎవరో దాత ఇచ్చిన రెండు అట్టపెట్టెల పుస్తకాలు విప్పాం. పక్క కోయగుంపు నుంచి వచ్చిన నాలుగో తరగతి పాప ఒక బొమ్మల కథ పైకి చదువుతోంది. రాజుగారు వేటకి వెళ్తాడు, అడవిలో 'ఆటవికులు' పట్టుకుంటారు. వాళ్ళ నెత్తిన ఈకలు, మెడలో ఎముకలు, మాటకి ముందు కేకలు. రాజుని అమ్మవారికి బలి ఇవ్వబోతుంటే యువరాజు వచ్చి వాళ్ళని నరికేస్తాడు. చదువుతున్న పాప అక్కడ ఆగింది. "అక్కా, ఈళ్ళు మనమేనా?" అంది.

మాలో ఎవరికీ నోట మాట రాలేదు. సినిమాల్లో కోయదొర వేషం చూసి మనమూ నవ్వినోళ్ళమే కదా. కానీ ఆ పిల్ల కూడబలుక్కుని తనంతట తాను చదివిన మొదటి కథల్లో అదొకటి. చదవడం రావడం, తనని తాను చిన్నచూపు చూసుకోవడం ఒకే రోజు నేర్పిన పని మేమే చేశాం. దానికి దాతని అనేదేం లేదు. ముందు మేం చదవకుండా ఇవ్వడమే తప్పు. ఆ రోజు నుంచి మాకొక నియమం ఉంది. మాలో ఒకరైనా చివరి పేజీ దాకా చదవని పుస్తకం పిల్లల చేతికి ఇవ్వం.

అట్లని మన కథలు మాత్రమే ఇవ్వాలి అనడం కూడా మాకు నచ్చదు. మా పిల్లలు ఎక్కువసార్లు అడిగి చదివించుకున్నది జపాన్ పుస్తకం, 'రైలుబడి'. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి గెంటేసిన పిల్లని ఇంకో బడికి తీసుకుపోతారు. అక్కడ తరగతులన్నీ పాత రైలు పెట్టెల్లో. హెడ్మాస్టరు కొబయాషి మొదటి రోజే ఆ పిల్ల చెప్పే మాటలు నాలుగు గంటలు వింటాడు. అది చదువుతుంటే ఒకడు "నాలుగు గంటలా!" అని లేచి నిలబడ్డాడు. మనలో ఎంతమందిమి హాస్టల్‌లో పదేళ్ళున్నాం! మన మాట నాలుగు నిమిషాలు కూర్చుని విన్న సార్లు ఎందరు? వాడు ఎందుకు లేచాడో మాకు తెలుసు.

కొంచెం పెద్ద పిల్లలకి, అంటే ఎనిమిది, తొమ్మిది, పదికి, చింగీజ్ ఐత్‌మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు' మా లెక్కలో మొదటిది. కిర్గిజ్ పల్లెలో తనకే సరిగ్గా చదువురాని ఒక కుర్రాడు పాత గుర్రపుశాలలో బడి పెడతాడు. ఊరు నవ్వుతుంది. ఆ బడిలో చదివిన అనాథ పిల్ల తర్వాత పెద్ద చదువుల దాకా పోతుంది. సన్న పుస్తకం, రెండు పూటల్లో అయిపోతుంది. తర్వాత కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. పందుల్ని కాసే ముసలాయన తప్పిపోయిన పంది కోసం అడవిలోకి పోతాడు, అంతే కథ. మన అబ్బాయిలు ఊపిరి బిగబట్టి చదివారు. అడవి గురించి మాత్రం రెండు చోట్ల రచయితతో వాదనకి దిగారు. మాకు అదే నచ్చింది.

నామిని 'ఇస్కూలు పిలకాయల కత', ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' కూడా తెద్దాం. ఒకటి చిత్తూరు యాస, ఇంకోటి నెల్లూరు వైపు యాస. మొదట పిల్లలు "ఇదేం తెలుగు" అన్నారు. వారం తిరక్కముందే తొమ్మిదో తరగతి పిల్లాడొకడు మనోళ్ళు మాట్లాడినట్టే పేజీన్నర రాసుకొచ్చాడు. ఇట్ల కూడా అచ్చేస్తారని వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల పదో తరగతి దాటినోళ్ళకి. రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' ఇంటర్ వాళ్ళకి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన ఈ తమ్ముడికి ఆ కథలకే 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అవి పిల్లల కోసం రాసినవి కావు కాబట్టి మనం ముందు చదివి ఇవ్వాలి. ఇంకో మాట. మన మధ్య రిజర్వేషన్ గొడవలున్నయ్, లేవని అబద్ధం ఆడం. అయినా కోయ పిల్ల 'ఢావ్లో' చదవాలి, లంబాడి పిల్లాడు 'కొమురం భీం' చదవాలి. దీనికి ఎవరైనా అడ్డం చెబితే గ్రూపులోనే చెప్పండి, మాట్లాడుకుందాం.

ఇక అసలు బాధ. పైన చెప్పినవన్నీ తెలుగులోనే ఉన్నయ్. ఇంట్లో కోయ, లంబాడి మాట్లాడే ఆరేళ్ళ పిల్లకి తన మాటలో పుస్తకం ఏది? ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, గోండి, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అని ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో బడి పుస్తకాలు మొదలుపెట్టారు. మంచి పని. మాలో ఒకరు చదివిన బడిలో మాత్రం అవి బీరువాలో భద్రంగా ఉండేవి, తాళంతో సహా. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. 2024లో ఆయన పోయినప్పుడు కూడా పెట్టుకున్నాం. సమ్మక్క సారలమ్మ కథని డోలి కొడుతూ కోయలో, తెలుగులో పాడిన మనిషి. ఆ కథల్లో ఒక్కటి కూడా ఇంతవరకు పిల్లల బొమ్మల పుస్తకంగా మా చేతికి రాలేదు.

అలెక్స్ హేలీ 'ఏడు తరాలు' చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన ముత్తాతల ముచ్చట్ల నుంచే పుట్టింది. మన ముసలోళ్ళ దగ్గర అంతకంటే తక్కువ ఉందా?

అందుకే మా ప్రతిపాదన ఇది. ఉన్న డబ్బుల్లో మూడు వంతులు పైన చెప్పిన పుస్తకాలకి పెడదాం. మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళ జాబితాలు చూసి ఏవి దొరికితే అవి తెద్దాం. 'కొత్తపల్లి' పిల్లల పత్రిక నెట్‌లో ఉచితంగా ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో కథల్ని ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. గోండిలో ఇప్పటికే చేశారు. మిగిలిన ఒక వంతు జిరాక్సులకి, రంగు పెన్సిళ్ళకి. మన మాటలో, తెలుగు లిపిలో, ఎనిమిది పేజీలు చాలు. బొమ్మలు పిల్లలే వేస్తారు. జీకే బుక్కు కావాలన్నోళ్ళకి కూడా ఒకటి కొందాం, ఒక్కటే.

ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పోతుందని చాలామందికి తెలియదు. మీ దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికి పోయి ఈ పుస్తకాల పేర్లు రాసిచ్చి తెప్పించమని అడగండి. అడిగే హక్కు మనకుంది.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి జూలూరుపాడు వైపు గుంపుకి పోతున్నాం. అక్కడ డోలి కొట్టే తాత ఒకాయన పడిగె విప్పి కథ చెప్తా అన్నాడు. ఆయనకి మధ్యలో ఆపితే కోపం. ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని, మెమరీ ఖాళీ చేసుకుని రండి. కోయ బాగా వచ్చి తెలుగులో టైప్ చేయగలిగినోళ్ళు ఇద్దరు కావాలి, కింద పేర్లు పెట్టండి.